షార్జాకు రెండేళ్ల కాంట్రాక్టు: విమానం ఎక్కకముందే వేసుకోవాల్సిన లెక్క

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: వయసు 29. జగిత్యాల దగ్గర పల్లె. తొమ్మిదో తరగతితో చదువు ఆగింది, చేతిలో షట్టరింగ్ కార్పెంటర్ పని ఉంది. షార్జా కంపెనీలో రెండేళ్ల కాంట్రాక్టు, జీతం 1,500 దిర్హంలు, రూమ్ కంపెనీదే. ఊళ్లోని ఏజెంటు 1,20,000 రూపాయలు అడుగుతున్నాడు, "ముందు విజిట్ వీసా మీద పో, అక్కడ మార్పిస్తా" అంటున్నాడు. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, ఎకరన్నర పొలం. ఎంత సిద్ధం చేసుకోవాలి, రెండేళ్లకు ఎంత మిగులుతుంది?

తమ్ముడూ, ముందు ఆ 1,500ను విడగొట్టాలి. ఏజెంటు నోటి మీద చెప్పే అంకెలో దాదాపు ఎప్పుడూ మూడు ముక్కలు కలిసి ఉంటాయి: బేసిక్ (మూల వేతనం), తిండి అలవెన్సు, ఓవర్‌టైమ్ (ఓటీ). మీ దాంట్లో బేసిక్ 800, తిండికి 300, మిగిలిన 400 ఓటీ అనుకుందాం. షార్జా ఉన్న ఎమిరేట్స్ (యూఏఈ) చట్టం ప్రకారం ఓటీ గంటకు బేసిక్ లెక్కన వచ్చే గంట కూలీ, దాని మీద 25 శాతం అదనం. 800ను 30 రోజులతో, 8 గంటలతో భాగిస్తే గంటకు 3.33 దిర్హంలు. పాతిక శాతం కలిపితే 4.17. ఈ రేటు మీద 400 దిర్హంల ఓటీ రావాలంటే నెలకు 96 గంటలు చేయాలి. 26 పనిరోజులకు పంచితే రోజుకు దగ్గరదగ్గర మూడు గంటల నలభై నిమిషాలు. చట్టం మామూలుగా ఒప్పుకునేది రోజుకు రెండు గంటలే. ఆ రెండు గంటలూ ప్రతిరోజూ దొరికినా నెలకు 52 గంటలు, 217 దిర్హంలు. అంటే బాగా పని ఉన్న నెలలో మీ చేతికి 1,317, ఓటీ లేని నెలలో 1,100. 1,500 అనేది ఏ నెలా రాదు.

అందుకని ఇంటి లెక్క మొత్తం 1,100 మీదే వేయండి. ఓటీ వస్తే అప్పు తొందరగా తీరుతుంది, అంతే. ఓటీని నమ్మి కిస్తీ ఒప్పుకోవద్దు. సైటు పని ఒకచోట అయిపోయి ఇంకోచోట మొదలయ్యేదాకా ఓటీ బంద్ అవుతుంది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదన్న నియమం కూడా ఉంది, ఆ నెలల్లో పనివేళలు మారిపోతాయి.

ఇక అక్కడి ఖర్చు. రూమ్, సైటుకు బస్సు కంపెనీవే అనుకుంటున్నాం. నలుగురైదుగురు కలిసి వండుకునే మెస్‌లో మనిషి వాటా 350. ఫోన్, ఇంటర్నెట్ 50. సబ్బులు, కటింగ్, బట్టల సర్ఫు 60. ఇంటికి డబ్బు పంపే చార్జీ 20. ఉద్యోగం పోతే వచ్చే బీమాకు 5. చాయ్, మందులు, సెలవు రోజున బయటికి పోవడం కలిపి 65. మొత్తం 550. సిగరెట్ అలవాటు ఉంటే ఈ లెక్క చెల్లదు, అక్కడ పొగాకు మీద పన్ను చాలా ఎక్కువ. 1,100లో 550 పోతే మిగిలేది 550. దిర్హం డాలర్‌కు 3.6725 దగ్గర కట్టి ఉంటుంది, కాబట్టి రూపాయి డాలర్ మీద కదిలినట్టే దిర్హం మీదా కదులుతుంది. లెక్కకు 23 రూపాయలు పెడదాం. నెలకు 12,650 రూపాయలు. ఇంట్లో ముగ్గురికి, రేషన్ బియ్యం, సొంత ఇల్లు ఉన్నా సరే, పిల్లల ఖర్చుతో నెలకు 5,000 కంటే తక్కువలో నడవదు. అప్పు కట్టడానికి మిగిలేది 7,650.

ఇప్పుడు అసలు విషయం. ఏజెంటుకు 1,20,000 కాక మిగతా ఖర్చులకు ఇంకో 35,000 కావాలి (అది దేనికో కింద చెప్తాను). మొత్తం 1,55,000. ఊళ్లో నూటికి మూడు రూపాయల మిత్తికి తెస్తే నెలకు మిత్తే 4,650. మొదటి జీతం చేతికొచ్చేసరికి ఒకటిన్నర, రెండు నెలలు పడుతుంది. ఆ రెండు నెలల మిత్తి కలిసి అప్పు 1,64,300 అవుతుంది. నెలకు 7,650 కడితే మొదటి నెలలో మిత్తికే 4,929 పోతుంది, అసలులో తగ్గేది 2,721. ఈ లెక్కన అప్పు తీరడానికి 35 నెలలు. మీ కాంట్రాక్టు 24 నెలలు. మొదటి రెండు తీసేస్తే కట్టేవి 22 కిస్తీలు. రెండేళ్లు ఎండలో పనిచేసి ఇంటికొచ్చేసరికి నెత్తి మీద ఇంకా 81,000 ఉంటుంది. ప్రతి నెలా తప్పకుండా 217 దిర్హంల ఓటీ దొరికితేనే 17 కిస్తీల్లో తీరుతుంది.

అదే మనిషి, అదే జీతం, అదే మెస్. ఏజెంటుకు చట్టం ఒప్పుకున్న గరిష్ఠ రుసుము మాత్రమే కట్టి, మిగతా 35,000తో కలిపి 70,400 బ్యాంకులో బంగారం మీద తెచ్చుకుంటే, నూటికి రూపాయి దగ్గర మిత్తి పడుతుంది. ఓటీ ఒక్క గంట కూడా లేకున్నా పది కిస్తీల్లో తీరుతుంది. ఆ తర్వాత పన్నెండు నెలలు నెలకు 7,650 చొప్పున 91,800 మీ ఇంటికి మిగులుతాయి. గల్ఫ్ కలిసొచ్చిందా లేదా అనేది చాలామంది విషయంలో షార్జాలో తేలదు, ఊళ్లో అప్పు పత్రం మీద సంతకం పెట్టిన రోజే తేలిపోతుంది. అందుకే జీతం ఎంత అని అడిగే ముందు ఈ అప్పు ఎన్ని నెలల్లో తీరుతుందని అడగండి.

చట్టం ఒప్పుకున్న రుసుము అంటే ఏమిటంటే, ఇండియాలో లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంటు ఒక కార్మికుడి దగ్గర 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 35,400 కంటే ఎక్కువ తీసుకోకూడదు. అదీ రశీదు ఇచ్చి. ఎమిరేట్స్ కార్మిక చట్టం ఇంకా ముందుకు పోయి, మనిషిని తెచ్చుకునే ఖర్చు యజమానిదే, కార్మికుడి మీద నేరుగాగానీ దొడ్డిదారినగానీ వేయకూడదని చెప్తుంది. వీసా, వర్క్ పర్మిట్, అక్కడ చేసే మెడికల్, ఎమిరేట్స్ ఐడీ అన్నీ కంపెనీ ఖర్చే. కాబట్టి "వీసాకు ఇంత, స్టాంపింగ్‌కు ఇంత" అని విడివిడిగా లెక్క చెప్పేవాడు కంపెనీ ఇచ్చిన దానికే మీ దగ్గర మళ్లీ వసూలు చేస్తున్నాడు.

విజిట్ వీసా మీద వెళ్లకండి. ఈ ఒక్క మాట దగ్గర బేరం లేదు. విజిట్ మీద పని చేయడం అక్కడ నేరం. ఆ వీసా గడువు దాటితే రోజుకు 50 దిర్హంల జరిమానా, పది రోజులు దాటితే దాదాపు మీ నెల మిగులంతా అందులోనే పోతుంది. జీతం ఎగ్గొడితే ఫిర్యాదు చేయడానికి కాంట్రాక్టు కాగితమే ఉండదు. మీరు పది పాస్ కాలేదు కాబట్టి మీ పాస్‌పోర్టు ఈసీఆర్ అయి ఉంటుంది, ఎమిగ్రేషన్ అనుమతి తీసుకుంటేనే పనికి వెళ్లగలరు. మన ప్రభుత్వం ఇలా అనుమతి తప్పనిసరి చేసిన 18 దేశాల్లో గల్ఫ్ దేశాలు ఆరూ ఉన్నాయి. "విజిట్ మీద పోతే ఆ తలనొప్పి ఉండదు" అని ఏజెంటు అనేది ఇందుకే. ఆ అనుమతితో వచ్చే బీమా, కాంట్రాక్టు రికార్డు, ఎంబసీ దగ్గర మీ వివరం అన్నీ ఆ ఒక్క మాటతో పోతాయి. ఆజాద్ వీసా అన్నా ఇదే సంగతి. వీసా ఒకరిది, పని ఇంకొకరి దగ్గర. చెకింగ్‌లో దొరికితే ఖల్లివెల్లి (చట్టవిరుద్ధంగా ఉంటున్నవాడు) కింద లెక్క.

ఏజెంటు నిజంగా లైసెన్సు ఉన్నవాడేనా అన్నది కేంద్ర ప్రభుత్వ ఇమైగ్రేట్ పోర్టల్‌లో ఐదు నిమిషాల్లో చూసుకోవచ్చు. అందులో ఏజెంటు పేరు, లైసెన్సు నంబరు, అది నడుస్తోందా నిలిపేశారా అన్నీ కనిపిస్తాయి. ఊళ్లలో తిరిగేవాళ్లలో ఎక్కువమంది సబ్ ఏజెంట్లు, వాళ్లకు విడిగా లైసెన్సు ఉండదు. "నేను హైదరాబాద్ ఆఫీసు తరఫున చేస్తున్నా" అంటే ఆ ఆఫీసు పేరు, లైసెన్సు నంబరు రాయించుకుని, నేరుగా అక్కడికే వెళ్లి మాట్లాడండి. డబ్బు ఆ ఆఫీసు ఖాతాలోకే వేయండి. చేతికి నగదు ఇచ్చారంటే, ఆ వెళ్లడం రద్దయిన రోజున మీ దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా విదేశాలకు మనుషుల్ని పంపుతుంది, ఆంధ్రప్రదేశ్ వాళ్లకు ఓఎంకాప్ ఉంది. ఖాళీలు ఎప్పుడూ ఉండవు, కానీ పేరు నమోదు చేసుకోవడం వృథా కాదు.

ఇక కాగితాలు. ఎమిరేట్స్ కంపెనీ ఉద్యోగం ఇస్తే అక్కడి కార్మిక శాఖ నమూనాలో ఆఫర్ లెటర్ వస్తుంది. అది అరబిక్, ఇంగ్లీష్‌తో పాటు కార్మికుడికి తెలిసిన మూడో భాషలో కూడా ఉండాలి. హిందీ, ఉర్దూ, తమిళం, మలయాళం ఆ జాబితాలో ఉన్నాయి. తెలుగు లేదు. కాబట్టి హిందీదో ఉర్దూదో అడగండి, చదవగలిగినవాళ్ల దగ్గర కూర్చుని ఒక్కో వరుస చదివించుకోండి. సంతకం ఆ తర్వాతే. చూడాల్సినవి: బేసిక్ ఎంత, అలవెన్సు ఎంత, రూమ్ ఎవరిది, ప్రొబేషన్ ఎన్ని నెలలు (ఆరు దాటకూడదు), పని పేరు ఏం రాసింది. షట్టరింగ్ కార్పెంటర్ అని మాట్లాడుకుని కాగితంలో మామూలు లేబర్ అని ఉంటే, దిగాక జీతం లేబర్‌దే ఇస్తారు.

బేసిక్ మీద ఇంత పట్టు ఎందుకంటే, తర్వాత వచ్చేవన్నీ దాని మీదే లెక్క. ఓటీ బేసిక్ మీదే. పని మానేసి వచ్చేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున. 800 బేసిక్ అయితే ఏడాదికి 560, రెండేళ్లకు 1,120 దిర్హంలు. అదే 1,100 మొత్తం బేసిక్‌గా రాయించుకోగలిగితే రెండేళ్లకు 1,540. ఓటీ గంట 4.17 నుంచి 5.73కు పెరుగుతుంది. పనిలో ప్రాణం పోతే కుటుంబానికి ఇచ్చే పరిహారం 24 నెలల బేసిక్, 18,000కు తగ్గకుండా. కొత్తగా వెళ్లేవాళ్ల మాట కంపెనీలు అంతగా వినవు, అది నిజమే. అయినా రెండు ఆఫర్లు చేతిలో ఉంటే మొత్తం ఎక్కువున్నదాన్ని కాదు, బేసిక్ ఎక్కువున్నదాన్ని ఎంచుకోండి.

ఎంట్రీ పర్మిట్ వచ్చాక దాని మీద నంబరు ఉంటుంది. అక్కడి ఫెడరల్ ఇమిగ్రేషన్ సైటులో ఆ నంబరు కొడితే అది పని కోసం ఇచ్చిందా, విజిట్‌దా, స్పాన్సర్ ఎవరు అన్నది తెలుస్తుంది. దుబాయ్ వీసా అయితే దుబాయ్ ఇమిగ్రేషన్ వాళ్ల సైటు వేరు. ఆఫర్ లెటర్‌లోని కంపెనీ పేరు, పర్మిట్ మీది పేరు, ఇమైగ్రేట్‌లోని పేరు మూడూ ఒకటే కావాలి. అక్షరం తేడా వచ్చినా అడగండి.

పాస్‌పోర్టు గడువు కనీసం మూడేళ్లు మిగిలి ఉంటే మధ్యలో అక్కడ రెన్యువల్ గొడవ ఉండదు. మనవాళ్ల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం మామూలు. గల్ఫ్ వీసాలకు అది ఇబ్బంది పెడుతుంది, ముందే సరిచేయించండి. మామూలు 36 పేజీల పాస్‌పోర్టుకు 1,500, తత్కాల్‌కు ఇంకో 2,000. పోలీస్ క్లియరెన్స్‌కు 500.

మెడికల్ దగ్గర చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. గల్ఫ్ వీసాలకు అడిగే పరీక్ష ఇప్పుడు వాఫిద్ అనే పద్ధతిలో, ముందే బుక్ చేసుకుని, అది కేటాయించిన సెంటర్‌లోనే చేయించాలి. పాతవాళ్లు దీన్నే గామ్కా అంటారు. ఇక్కడ పాసయినా అక్కడ దిగాక రెసిడెన్సీ వీసాకు మళ్లీ చేస్తారు: హెచ్‌ఐవీ రక్తపరీక్ష, టీబీకి ఛాతీ ఎక్స్‌రే. అక్కడ ఫెయిలయితే తిరిగి పంపిస్తారు, మీరు కట్టినది తిరిగి రాదు. అందుకే ఏజెంటుకు పైసా ఇవ్వకముందే జగిత్యాలలోనో కరీంనగర్‌లోనో ఛాతీ ఎక్స్‌రే, షుగర్, బీపీ, హెపటైటిస్ బీ, సీ, హెచ్‌ఐవీ పరీక్షలు సొంతంగా చేయించుకోండి. చిన్నప్పుడు ఎప్పుడో టీబీ వచ్చి తగ్గినా ఊపిరితిత్తిలో మచ్చ మిగిలి ఉండొచ్చు, ఆ మచ్చ దగ్గరే ఆగిపోయేవాళ్లు ఎక్కువ. రిపోర్టు "సెట్ చేస్తా" అనేవాడిని నమ్మితే ఇక్కడ దాటేది షార్జాలో దొరుకుతుంది.

ఎమిగ్రేషన్ అనుమతి ఏజెంటే ఇమైగ్రేట్‌లో పెడతాడు, ప్రభుత్వ రుసుము 200 రూపాయలే. దాంతోపాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు ప్రీమియం 275, మూడేళ్లకు 375. 24 నెలల కాంట్రాక్టు అయినా 375ది తీసుకోండి, ఒక్కోసారి ఇంకో ఆరు నెలలు ఉండాల్సి వస్తుంది. ఇది ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగం పోయినా 10 లక్షలు ఇస్తుంది. కానీ ఒక్క సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి: గుండెపోటుతో నిద్రలో పోతే ఆ 10 లక్షలు రావు, ఎందుకంటే అది ప్రమాదం కాదు. క్యాంపుల్లో జరిగే మరణాల్లో గుండెపోటు చాలా కనిపిస్తుంది. అందుకని బ్యాంకులో ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి బీమా కూడా పెట్టించుకోండి, ఏ కారణంగా పోయినా 2 లక్షలు వస్తుంది. నామినీగా భార్య పేరు ఉందో లేదో చూడండి. పెళ్లికి ముందు తెరిచిన ఖాతాల్లో ఇంకా నాన్న పేరే ఉంటుంది. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 5 లక్షలు ఇస్తోంది. దానికి కాగితాలు అడుగుతారు కాబట్టి పాస్‌పోర్టు, వీసా నకళ్లు ఇంట్లో ఉండాలి.

బయల్దేరేవాళ్లకు ముందే ఒకరోజు శిక్షణ ఉచితంగా ఇస్తారు, పీడాట్ అంటారు. వెళ్లండి. డబ్బు అడిగితే అది నకిలీది.

పైన చెప్పిన 35,000 ఇదీ: సొంత పరీక్షలు, వాఫిద్ మెడికల్ కలిపి 7,000 నుంచి 8,000. పోలీస్ క్లియరెన్స్, బీమా, ఎమిగ్రేషన్ రుసుము కలిపి 1,100. హైదరాబాద్ రానుపోను, రెండు మూడు సార్లు, 3,000. బట్టలు, బ్యాగు 4,000. చేతిలో 400 దిర్హంలు అంటే 9,200. మొదటి జీతం వచ్చేదాకా ఇంటికి రెండు నెలల ఖర్చు 10,000. ఈ చివరిది చాలామంది లెక్కలో పెట్టరు. రెండో నెలలో ఇంటి నుంచి "బియ్యం అయిపోయినయ్" అని ఫోన్ వస్తుంది, అక్కడ జీతం ఇంకా పడలేదు, మళ్లీ ఊళ్లో చేబదులు. ఆ 10,000 భార్య ఖాతాలో వేసి, అప్పటిదాకా ముట్టకుండా ఉంచండి. విమానం టికెట్ లెక్కలో లేదు, అది కంపెనీదే కావాలి. మిమ్మల్నే కొనుక్కోమంటే ఆఫర్ మీద మళ్లీ ఆలోచించండి.

ఆ 400 దిర్హంలు ఇక్కడే ఆర్‌బీఐ అనుమతి ఉన్న మనీ ఛేంజర్ దగ్గర రశీదుతో కొనండి. ఎయిర్‌పోర్టు కౌంటర్‌లో అవే రూపాయలకు దిర్హంలు బాగా తక్కువ వస్తాయి. మొదటి నెల మెస్ వాటా, సిమ్, దుప్పటి, గిన్నె అన్నీ దీంట్లోంచే.

ఇంట్లో చేయాల్సిన పనులు బ్యాగు సర్దడం కంటే ముఖ్యమైనవి. బ్యాంకు ఖాతాకు, ఆధార్‌కు ఉన్న ఫోన్ నంబరు మీరు వెళ్లాక కూడా బతికుండాలి, ఓటీపీలన్నీ దానికే వస్తాయి. ఆ సిమ్‌ను భార్య ఫోన్‌లో వేసి నెలనెలా రీఛార్జ్ చేయమనండి, లేదా ఆ నంబరుకే రోమింగ్ పెట్టించుకుని వెంట తీసుకెళ్లండి. వీసా వచ్చాక బ్యాంకులో ఎన్‌ఆర్‌ఈ ఖాతా (విదేశంలో సంపాదించింది వేసుకునేది) తెరవండి. మీరు ఎన్‌ఆర్‌ఐ అయ్యాక మామూలు సేవింగ్స్ ఖాతాను అలాగే నడపకూడదు, ఎన్‌ఆర్‌ఓగా (ప్రవాసులు ఇక్కడి డబ్బుకు వాడే ఖాతాగా) మార్పించాలి. ఎన్‌ఆర్‌ఈలో మిత్తికి పన్ను ఉండదు, అక్కడి జీతానికీ ఇక్కడ పన్ను ఉండదు. పొలం మీద ఏదైనా పని ఉంటే ఆ ఒక్క పనికే పవర్ ఆఫ్ అటార్నీ రాయండి. "అన్నింటికీ అధికారం" అని తమ్ముడికో బావకో రాసిచ్చి వెళ్తే రెండేళ్లలో ఇంట్లో తగాదాలు పుడతాయి. రేషన్ కార్డు ఈకేవైసీ, పట్టాదార్ పాస్‌బుక్ తప్పులు మీరు ఉండగానే అయిపోవాలి, వేలిముద్ర షార్జా నుంచి పంపలేరు.

పాస్‌పోర్టు, పర్మిట్, ఆఫర్ లెటర్, ఏజెంటు రశీదు, లైసెన్సు నంబరు, బీమా కాగితం మూడు సెట్లు తీయండి. ఒకటి ఇంట్లో, ఒకటి బ్యాగులో, ఒకటి ఫొటోలుగా భార్య వాట్సాప్‌లో. వాట్సాప్ గురించి ఒక మాట: ఎమిరేట్స్‌లో దాని మెసేజ్‌లు, వాయిస్ నోట్‌లు వస్తాయి, కాల్ కలవదు. బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్ ఇక్కడే భార్య ఫోన్‌లో ఎక్కించి, ఎలా మాట్లాడాలో చూపించి వెళ్లండి. వీపీఎన్ పెట్టుకుని వాట్సాప్ కాల్ చేయడం అక్కడ పెద్ద జరిమానా పడే నేరం.

బ్యాగులో గసగసాలు పెట్టకండి. మసాలా పొడిలో కూడా వద్దు. మన వంటింట్లో మామూలు సరుకు, అక్కడ మత్తుపదార్థాల కింద కేసు. ఖైనీ, గుట్కా, పాన్ అంతే. దగ్గు మందుల్లో కోడీన్ ఉన్నవి, నొప్పి మాత్రల్లో ట్రమడాల్ అనుమతి లేకుండా తీసుకెళ్లకూడదు. బీపీ, షుగర్ మాత్రలు రెండు నెలలకు సరిపడా, డాక్టర్ చీటీతో, అసలు డబ్బాల్లోనే. "మా అల్లుడికి ఇవ్వు తమ్మీ" అని ఎవరైనా ఇచ్చే ప్యాకెట్ ఎంత దగ్గరివాళ్లదైనా విప్పి చూడకుండా తీసుకోవద్దు, అక్కడ బ్యాగు ఎవరి చేతిలో ఉంటే కేసు వాళ్ల మీదే. మామిడి, గోంగూర పచ్చళ్లు బాగా సీల్ చేసి తీసుకెళ్లొచ్చు. ప్లగ్గు మూడు చదరపు కాళ్లది, అడాప్టర్ ఒకటి చాలు. డిసెంబర్, జనవరి రాత్రుళ్లు ఎడారి క్యాంపులో చలి గట్టిగా ఉంటుంది, ఒక మందపాటి దుప్పటి పెట్టుకోండి. సేఫ్టీ బూట్లు, హెల్మెట్ కొనకండి, కంపెనీ ఇవ్వాలి.

దిగిన తర్వాత ముఖ్యమైనవి నాలుగైదే. ఇంకో కాగితం మీద సంతకం పెట్టమంటే, దాంట్లో బేసిక్ ఆఫర్ లెటర్‌లో ఉన్నంత ఉందో లేదో చూసి పెట్టండి. మీ పాస్‌పోర్టును కంపెనీ తన దగ్గర ఉంచుకోకూడదు, మీరు అడిగితే తిరిగి ఇవ్వాలి. ఇవ్వకపోతే గొడవ పెట్టుకోకుండా ముందు ఫొటో ఉంచుకోండి. జీతం నగదుగా చేతికి ఇస్తామంటే ఒప్పుకోవద్దు. అక్కడ జీతాలు ప్రభుత్వం చూసే పద్ధతిలో బ్యాంకు లేదా కార్డు ద్వారానే పడాలి, రేపు జీతం ఎగ్గొట్టారని నిరూపించేది ఆ రికార్డే. ఉద్యోగం పోతే ఆదుకునే బీమా మీ పేరు మీద ఉందో లేదో మీరే చూసుకోండి. తీసుకోకపోతే 400 దిర్హంల జరిమానా మీకే పడుతుంది, కంపెనీకి కాదు. ఏడాది కట్టాక కంపెనీ తీసేస్తే మూడు నెలల దాకా బేసిక్‌లో 60 శాతం ఇస్తారు, మీరే రాజీనామా చేస్తే ఇవ్వరు. ఓటీ గంటలు రోజూ ఒక చిన్న నోట్‌బుక్‌లో తేదీతో రాసుకోండి, ఫోర్‌మన్ లెక్క, మీ లెక్క నెలాఖరుకు కలవాలి.

డబ్బు ఎక్స్ఛేంజ్ హౌస్ ద్వారానో, బ్యాంకు యాప్ ద్వారానో పంపండి. హుండీలో దిర్హంకు ఇరవై ముప్పై పైసలు ఎక్కువ ఇస్తారని ఆశపడితే, ఆ రూపాయలు మీ భార్య ఖాతాలోకి ఎవరి ఖాతా నుంచి వస్తున్నాయో మీకు తెలియదు. అది సైబర్ మోసం డబ్బు అయితే పోలీసులు ఆమె ఖాతా నిలిపేస్తారు, విడిపించడానికి నెలలు పడుతుంది. నెలకు రెండుసార్లు కాకుండా ఒకేసారి పంపితే చార్జీ ఏడాదికి 240 దిర్హంలు మిగులుతుంది. పంపిన మొత్తంలో ఇల్లు, అప్పు రెండూ ఆమెకు విడివిడిగా చెప్పండి. అప్పు కట్టిన ప్రతిసారీ పత్రం వెనక రాయించి, సంతకం తీసుకోమనండి.

ప్రొబేషన్‌లో ఉండలేక ఇంటికి రావాలనుకుంటే 14 రోజుల నోటీసు చాలు. అక్కడే ఇంకో కంపెనీకి మారాలంటే నెల. కంపెనీ జీతం ఆపితే కార్మిక శాఖకు ఫిర్యాదు చేయొచ్చు, దానికి ఖర్చు లేదు. పని వదిలేసి పారిపోతే మాత్రం మీ మీదే ఫరారీ కేసు పెడతారు, అప్పుడు రావాల్సిన జీతం గురించి అడిగేవాడు ఉండడు. ఎంబసీ, దుబాయ్ కాన్సులేట్ దగ్గర ఆపదలో ఉన్నవాళ్ల టికెట్లకు, మృతదేహాలు పంపడానికి సంక్షేమ నిధి ఉంది. మన విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఇంటి నుంచి మీ భార్య కూడా ఫిర్యాదు పెట్టగలదు, ఆమెకు అది ఎలా చేయాలో నేర్పండి.

కడప, రాజంపేట, గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్లకు నియమాలు వేరు. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉంటే 30 ఏళ్లు నిండకుండా పంపకూడదు. వాళ్లలో ఎవరైనా అడిగితే మీ లెక్కలు చెప్పకండి, వాళ్లకు బేసిక్, ఓటీ పద్ధతి ఉండదు.

మీ విషయంలో ఇప్పుడు చేయాల్సిన పని: ఈ వారంలో ఎక్స్‌రే తీయించండి. అది బాగుంటే ఏజెంటు దగ్గర లైసెన్సు నంబరు, కంపెనీ పేరు, ఆఫర్ లెటర్ అడగండి. ఈ మూడింట్లో ఒక్కటి లేకున్నా అతనికి అడ్వాన్సు ఇవ్వకండి. ఆఫర్ లెటర్ వచ్చాక బేసిక్ ఎంత ఉందో ఇక్కడ రాయండి, ఆ అంకెతో కిస్తీల లెక్క మళ్లీ వేసి ఇస్తాను.